లెక్క దేవుడిది, శాలువా మనది

కెనడాలో నలుగురు తెలుగు కుర్రాళ్ళు చేరినచోట కొన్నేళ్ళుగా ఎక్కువగా వినబడుతున్న మాట సినిమా పేరూ కాదు, క్రికెట్ స్కోరూ కాదు. ఎల్.ఎం.ఐ.ఏ.

ఈ దేశం బయట ఉన్న పాఠకుల కోసం నాలుగు ముక్కల్లో చెబుతాను. ఇక్కడి యజమానికి కావలసిన పనివాడు స్థానికంగా దొరక్కపోతే, బయటివాణ్ణి పెట్టుకోవడానికి ప్రభుత్వం ఇచ్చే అనుమతి పత్రం అది. దానికి యజమాని ఒక్కో ఉద్యోగానికి 1,000 డాలర్ల రుసుము కట్టాలి. ఆ డబ్బు పనివాడి దగ్గర వసూలు చేయడం చట్టవిరుద్ధం. ఆ పత్రం ఉన్న ఉద్యోగం చేతిలో ఉంటే, శాశ్వత నివాసం కోసం పెట్టుకునే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ దరఖాస్తులో 50 పాయింట్లు అదనంగా కలిసేవి. చాలా పెద్ద హోదా అయితే 200.

2024లో కెనడా అనుభవం ఉన్నవాళ్ళకు తీసిన డ్రాలలో కటాఫ్ 500 కిందికి దిగలేదు. ఇక్కడే చదువుకుని, మూడేళ్ళ వర్క్ పర్మిట్ మీద పనిచేసి, ఇంగ్లీషు పరీక్ష మళ్ళీ మళ్ళీ రాసి, 480 దగ్గరో 490 దగ్గరో ఆగిపోయిన పిల్లలు ఎందరో. ఆ తక్కువైన పాయింట్లు ఎక్కడ దొరుకుతాయో అందరికీ తెలుసు. లేని ఉద్యోగానికి పత్రం, లేదా ఉన్న ఉద్యోగానికే ధర. వేల డాలర్లు, ఒక్కోసారి పదుల వేలు. పత్రికలు రాశాయి. చివరికి ప్రభుత్వమే ఒప్పుకుంది, ఈ పత్రాలను కొనుక్కునే ఆశ తగ్గించాలని.

నాకు తెలిసిన ఒక కుర్రాడు కొనలేదు. డబ్బు పుట్టక కాదు. ఊళ్ళో నాన్న ఎకరం అమ్మి పంపుతానన్నాడు. "అబద్ధపు ఉద్యోగం చూపించి ఈ దేశంలో కాపురం మొదలుపెట్టను" అన్నాడు వీడు. వాడి రూమ్మేటు కొన్నాడు. రూమ్మేటుకి పీఆర్ వచ్చింది, మంచి సంబంధం కుదిరింది, ఇల్లు చూసుకుంటున్నాడు. వీడి పర్మిట్ గడువు ముగిసింది. పెట్టె సర్దుకుంటూ ఒకే ఒక్క మాట అడిగాడు: "అంకుల్, రోజూ పొద్దున్నే దీపం పెట్టుకునే బయటికెళ్ళాను. దేవుడు ఎవరి పక్షాన ఉన్నట్టు?"

ఈ ప్రశ్నకు మనవాళ్ళ దగ్గర జవాబులు సిద్ధంగా ఉంటాయి. మొదటిది: పాపం పండుతుంది, చూస్తూ ఉండు. రెండోది: ఏ జన్మలో ఏం చేసుకున్నామో. మూడోది: దేవుడు నీకు ఇంతకన్నా మంచిది రాసిపెట్టి ఉంటాడు.

మొదటి జవాబుకు ఈ మధ్య బలం వచ్చినట్టు కనబడింది. 2025 మార్చి 25 నుంచి ఉద్యోగ పత్రానికి అదనపు పాయింట్లు లేవని ప్రభుత్వం తీసేసింది. చూశావా, దేవుడు ఉన్నాడన్నారు కొందరు. నిదానంగా ఆలోచిస్తే, ఆ రోజు నష్టపోయింది ఎవరు? నిజమైన ఉద్యోగం, నిజమైన పత్రం ఉన్నవాడూ ఆ 50 పాయింట్లు పోగొట్టుకున్నాడు. అంతకు ముందే కొనుక్కుని పీఆర్ తెచ్చుకున్నవాడికి ఏమీ కాలేదు. పత్రాలు అమ్మినవాడు ఆ డబ్బుతో ఇంకో వ్యాపారం పెట్టుకున్నాడు. మన కళ్ళకు కనబడే లెక్కే దేవుడి లెక్క అనుకుంటే, ఆయన అంత మంచి గుమాస్తాగా తేలడు.

రెండో జవాబు బాధపడేవాడినే దోషిని చేస్తుంది. మూడోది నిజం కావచ్చు, కాకపోవచ్చు. చెప్పేవాడి చేతిలో ఏమీ లేదు కనుక చెప్పడం సులువు.

ఈ మూడు జవాబులూ చూడటానికి వేరువేరుగా ఉన్నా లోపల ఒకటే. దేవుడు ఒక కొట్టు నడుపుతున్నాడు, మనం మంచితనం కట్టాం, సరుకు ఆలస్యంగానైనా వస్తుంది, అవతలివాడి బిల్లు కూడా ఏదో ఒకరోజు వస్తుంది అన్నదే ఆ ఒకటి. సరుకు రానివాడు ఏమవ్వాలి? కొట్టు మోసం అనాలి, లేదా తన డబ్బు చెల్లలేదనుకోవాలి.

మన సాహిత్యంలో ఈ ప్రశ్నను అందరికన్నా గట్టిగా అడిగింది ద్రౌపది. అరణ్యపర్వంలో, ద్వైతవనంలో కూర్చుని ధర్మరాజును నిలదీస్తుంది. నన్నయగారు తెనిగించిన భాగంలోనిదే ఈ సంవాదం. వ్యాస భారతంలో ఆమె మాటలు ఇంకా కటువుగా ఉంటాయి. ధర్మాన్ని కాపాడితే ధర్మం కాపాడుతుందంటారు, మరి నిన్ను కాపాడినట్టు కనబడదే అంటుంది. సజ్జనులు అడవుల్లో, దుర్జనులు సింహాసనాల మీద ఉంటే, ఆ ఏర్పాటు చేసిన విధాతనే తప్పుపడతానంటుంది. మనుషుల్ని కొయ్యబొమ్మల్లా ఆడించేవాడికి చేసిన పని తాలూకు పాపం అంటకపోతే, ఇక లోకంలో నిలబడేది బలం ఒక్కటే, బలహీనుల గురించే నా దుఃఖం అంటుంది.

ఇంత మాట అన్నందుకు వ్యాసుడు ఆమెను శిక్షించలేదు. మన పురాణ శ్రవణాల్లో ఈ ఘట్టం తొందరగా దాటేస్తారు కానీ, దేవుణ్ణి నిలదీసిన ఆ గొంతును భారతం దాచుకోలేదు. తెలుగు క్రైస్తవుల ఇళ్ళలో బైబిల్ చదివేవాళ్ళకు ఇదే గొంతు 73వ కీర్తనలో వినబడుతుంది. గర్విష్ఠుల క్షేమం చూసి అసూయపడి, కాలు జారబోయిన భక్తుడి మాటలవి. ఎవరి గ్రంథంలో వాళ్ళకు ఈ ప్రశ్న ఉంది. కనుక ప్రశ్న వేసినవాణ్ణి నాస్తికుడనడానికి తొందరపడనక్కర్లేదు.

ధర్మరాజు మాత్రం కొంచెం తొందరపడ్డాడు, నాస్తికుల మాట మాట్లాడుతున్నావన్నాడు. కానీ ఆ తర్వాత చెప్పిన మాట నాకు ఈ విషయం మీద దొరికిన అన్ని మాటల్లోకీ గట్టిది. నేను ఫలం కోరి ధర్మం చేయడం లేదు, ఇవ్వాలి కనుక ఇస్తున్నాను, చేయాలి కనుక చేస్తున్నాను, ధర్మంతో వర్తకం చేసేవాడు అందరిలోకీ హీనుడు అంటాడు. అంటే ఆయన కొట్టునే ఒప్పుకోలేదు. సరుకు వస్తుందా రాదా అన్న ప్రశ్నే అక్కడ లేదు.

సంవాదం అక్కడితో అయిపోలేదు. ద్రౌపది మళ్ళీ మాట్లాడుతుంది. చిన్నప్పుడు తండ్రి ఒళ్ళో కూర్చుని, ఇంటికి వచ్చిన పండితుడి నోట విన్న నీతి చెబుతుంది. అంతా విధి చూసుకుంటుందని ఏ ప్రయత్నమూ లేకుండా సుఖంగా నిద్రపోయేవాడు, కాల్చని పచ్చికుండ నీళ్ళలో కరిగిపోయినట్టు కరిగిపోతాడంటుంది.

ఈ ఇద్దరిలో ఎవరు ఒప్పు? నా అభిప్రాయం ఇది. తన నష్టం విషయంలో ధర్మరాజు ఒప్పు. ఆమె నష్టం విషయంలో ద్రౌపది ఒప్పు. రాజ్యం ధర్మరాజుది. దాన్ని పోగొట్టుకుని ఓర్చుకోవడం ఆయన గొప్పతనం. సభలో జుట్టు పట్టుకుని ఈడ్చింది మాత్రం ఆయన్ని కాదు. పైగా ఆమెను పందెం ఒడ్డింది ఆయనే. తనకు జరిగినదాన్ని ఓర్చుకోవడం తపస్సు. ఇంకొకరికి జరిగినదాన్ని ఓర్చుకోవడం చాలా తేలిక, దానికి తపస్సు అక్కర్లేదు. ఆనాడు సభలో భీష్ముడు ధర్మం సూక్ష్మమని చెప్పి కూర్చున్నది అలాంటి తేలికైన ఓర్పే.

భారతం పాత కథ అనుకునేవాళ్ళకు కెనడాలోనే జరిగిన ఒక కథ చెబుతాను. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్ళలో చాలామందికి ఈ పేరు తెలుసు. మనవాళ్ళలో తెలిసినవాళ్ళు తక్కువ.

1969 జనవరి 31, సస్కటూన్ నగరం. ఎముకలు కొరికే చలిలో తెల్లవారుతూనే పనికి బయలుదేరిన గెయిల్ మిల్లర్ అనే 20 ఏళ్ళ నర్సింగ్ అసిస్టెంటు మీద అత్యాచారం చేసి చంపేశారు. ఆ ఉదయమే స్నేహితులతో కారులో ఆ ఊరికి వచ్చిన డేవిడ్ మిల్‌గార్డ్ మీద అనుమానం పడింది. వయసు 16. పొడుగు జుట్టు, ఇల్లు పట్టని తిరుగుడు, మత్తుమందుల అలవాటు. అనుమానించడానికి సరిగ్గా సరిపోయే కుర్రాడు. పోలీసుల ఒత్తిడి మీద స్నేహితులు మాట మార్చారు. సరిగ్గా ఏడాదికి, 1970 జనవరి 31న, న్యాయస్థానం అతన్ని దోషి అంది. యావజ్జీవ శిక్ష.

అసలు హంతకుడు లారీ ఫిషర్. ఆ ఉదయం డేవిడ్ వాళ్ళు వెళ్ళిన స్నేహితుడి ఇంట్లోనే బేస్‌మెంటులో అద్దెకుండేవాడు. అతడు వేరే స్త్రీల మీద చేసిన అత్యాచారాలకు తర్వాత జైలుకు వెళ్ళాడు. ఈ హత్య సంగతి మాత్రం అతన్ని ఎవరూ తేల్చి అడగలేదు, దానికి దోషి అప్పటికే దొరికాడు కనుక.

1980 ఒక్క సంవత్సరం చూడండి. ఆ ఏడాది ఫిషర్ విడుదలై బయటికి వచ్చాడు. కొద్ది నెలల్లోనే ఇంకొక స్త్రీ మీద దాడి చేశాడు. అదే ఏడాది డేవిడ్ తల్లి జాయిస్ మిల్‌గార్డ్, అసలు నేరస్థుడి ఆచూకీ చెప్పినవాళ్ళకు 10,000 డాలర్ల బహుమతి ప్రకటించింది. ఫిషర్ మాజీ భార్య పోలీస్ స్టేషన్‌కు వెళ్ళి తన అనుమానం చెప్పింది. ఆ వాంగ్మూలం దస్త్రాల్లో పడి ఉండిపోయింది. అదే ఏడాది డేవిడ్ పారిపోయి రెండు నెలలకు పైగా బయట ఉంటే, టొరంటోలో పోలీసులు అతన్ని వెనక నుంచి కాల్చి పట్టుకున్నారు. అతని చేతిలో ఆయుధం లేదు. ద్రౌపది ప్రశ్నకు ఇంతకన్నా బొమ్మ కట్టిన సంవత్సరం ఉంటుందా?

జైల్లో డేవిడ్‌కు ఒక దారి ఉంది. తప్పు ఒప్పుకుని పశ్చాత్తాపం చూపిస్తే పెరోల్ దొరికే అవకాశం పెరుగుతుంది. ఒక్క అబద్ధం చాలు. అతను చెప్పలేదు. పెరోల్ అడిగిన ప్రతిసారీ కాదన్నారు. పొలం అమ్మి పాయింట్లు కొననన్న కుర్రాడి మాటా, డేవిడ్ మౌనమూ బరువులో ఒకటి కాదని నాకు తెలుసు. కానీ జాతి ఒకటే. బయటికి వెళ్ళే తలుపు తెరిచే ఉంది, దాని గుండా వెళ్ళాలంటే మాత్రం తాను కానివాడినని చెప్పుకోవాలి.

ఇక జాయిస్. ఆమె దైవభక్తి గల మనిషి. క్రైస్తవంలో క్రిస్టియన్ సైన్స్ అనే శాఖకు చెందినది. ప్రార్థన ఆమెకు అలంకారం కాదు, రోజువారీ పని. మన లెక్క ప్రకారం అంత భక్తురాలు ఏం చేయాలి? అన్నీ దేవుడికి వదిలి ఇంట్లో కూర్చోవాలి. ఆమె విచారణ పత్రాల కట్టలు తెచ్చుకుని చదివింది. సాక్షుల్ని వెతుక్కుంటూ ఊళ్ళు తిరిగింది. కొత్త వకీళ్ళను పట్టుకుంది. అమెరికాలో నిర్దోషుల కోసం పనిచేసే సంస్థను కదిలించింది. 1990లో విన్నిపెగ్‌లో అప్పటి న్యాయశాఖ మంత్రి కిమ్ క్యాంప్‌బెల్ ఎదురుగా నిలబడి కాగితాలు ఇవ్వబోయింది. మంత్రి తీసుకోకుండా ముందుకు నడిచి వెళ్ళిపోయారు. చట్టప్రకారం ఆమె కారణాలు ఆమెకు ఉండి ఉండవచ్చు. దేశమంతా టీవీలో చూసింది మాత్రం, ఒక తల్లి చాచిన చేతిని. మరుసటి ఏడాది అదే నగరానికి ప్రధాని బ్రయన్ మల్రోనీ వచ్చినప్పుడు ఆమె మళ్ళీ హోటల్ బయట నిలబడింది. ఆయన ఆమె దగ్గరికి వచ్చి, ఆగి, మాట్లాడాడు. ఆ ఏడాది చివరికి కేసు సుప్రీంకోర్టు ముందుకు వెళ్ళింది. 1992 ఏప్రిల్‌లో డేవిడ్ బయటికి వచ్చాడు.

అప్పటికీ కోర్టు అతన్ని నిర్దోషి అనలేదు. మళ్ళీ విచారించవచ్చంది. ప్రభుత్వం విచారణ ఆపేసింది, అంతే. ఇంకో 5 ఏళ్ళు నీడ వెంటాడింది. 1997లో డీఎన్ఏ పరీక్ష డేవిడ్‌ను నిర్దోషిగా తేల్చి, ఫిషర్‌ను చూపించింది. 1999లో కోర్టు ఫిషర్‌ను దోషి అంది. అదే ఏడాది డేవిడ్ కుటుంబానికి ప్రభుత్వం కోటి డాలర్ల పరిహారం ఇచ్చింది.

ఇక్కడ ఆపితే ఇది పురాణ కథలా ముగుస్తుంది. చివరికి ధర్మమే గెలిచిందని చప్పట్లు కొట్టి లేచిపోవచ్చు. నాకు ఆ చప్పట్లు నచ్చవు. 16 ఏళ్ళకు అనుమానం పడి, 39 ఏళ్ళకు బయటికి వచ్చినవాడి 23 ఏళ్ళు ఏ కోటి డాలర్లతోనూ తిరిగి రావు. గెయిల్ మిల్లర్ తిరిగి రాదు. డేవిడ్ జైల్లో ఉండగా ఫిషర్ చేతిలో దెబ్బతిన్న స్త్రీలకు జరిగింది జరగకుండా పోదు. సత్యమేవ జయతే అన్న మాట నిజమే అయినా, గెలిచే సత్యం ఎంతమందిని దారిలో వదిలేసి వస్తుందో కూడా లెక్కలో ఉండాలి.

మరి జాయిస్ నమ్మకం ఆమెకు ఏమిచ్చింది? గడువు ఇవ్వలేదు. ఫలానా ఏడు నీ కొడుకు వస్తాడని చెప్పలేదు. ఇచ్చింది, రేపు పొద్దున్న లేచి ఇంకో తలుపు కొట్టే శక్తి. ధర్మరాజు చెప్పిన వర్తకం లేని ధర్మమూ, ద్రౌపది చెప్పిన పచ్చికుండ కాని ప్రయత్నమూ, రెండూ ఆ తల్లిలో కలిశాయనిపిస్తుంది నాకు. దైవం మీద భారం వేయడమంటే చేతులు ఖాళీ చేసుకోవడం. ఖాళీ అయిన చేతులతో మళ్ళీ పనిచేయడానికే.

ఓర్పు అంటే నోరు మూసుకోవడం కూడా కాదు. ఈ సంగతి తెలుగువాళ్ళకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు. కంచర్ల గోపన్న గోలకొండ చెరసాలలో దాదాపు 12 ఏళ్ళు ఉన్నాడంటారు. ఇప్పటికీ కోటలో ఆ గది చూపిస్తారు. సర్కారు సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టించడం చట్టం ముందు తప్పా ఒప్పా అన్న వాదన పక్కన పెడదాం. ఆ చెరలో ఆయన రాముణ్ణి పొగడటమే కాదు, తిట్టాడు. చేయించిన నగలు ఒక్కొక్కటీ లెక్క చెప్పి దెప్పాడు. మనం ఆ తిట్లను తీసిపారేయలేదు. రాగం కట్టి గుళ్ళో పాడుకుంటున్నాం. దేవుడి మీద కోపం వచ్చిందంటే నమ్మకం పోయినట్టు కాదు. నమ్మకం పోయినవాడు తిట్టడు, వదిలేస్తాడు.

ఇప్పుడు మళ్ళీ మన పాయింట్ల సంతకు వద్దాం. కొన్న పిల్లలందరూ దుర్మార్గులని నేను అనడం లేదు. ఇంటి మీద అప్పు, చెల్లెలి పెళ్ళి, పర్మిట్ గడువు, చెవిలో ఏజెంటు. ఆ నాలుగూ ఒకేసారి మీద పడ్డ పాతికేళ్ళ పిల్లవాడికి తీర్పు చెప్పడానికి నాకు నోరు రాదు. కొనేవాడి వెనక భయం ఉంటుంది. అమ్మేవాడి వెనక ఆ భయానికి ధర కట్టిన తెలివి మాత్రమే ఉంటుంది. నేను మాట్లాడుతున్నది ఆ తెలివి గురించి.

అధర్మానికి ఫలం దక్కుతోందని వాపోతాం. ఆ ఫలాన్ని పళ్ళెంలో పెట్టి ఇస్తున్నది ఎవరో చూశామా? పత్రాలు అమ్ముకున్న పెద్దమనిషి వినాయకచవితి పందిరికి పెద్ద చందా ఇస్తాడు. ముందు వరుసలో కుర్చీ వేస్తాం. ఉగాది సభలో వేదిక మీదికి పిలిచి శాలువా కప్పుతాం. ఆయన సమాజసేవ గురించి మైకులో రెండు మాటలు చెబుతాం. కింద కూర్చున్నవాళ్ళలో సగంమందికి ఆ డబ్బు ఎక్కడిదో తెలుసు. చప్పట్లు అందరం కొడతాం. సంబంధాలు మాట్లాడుకునేటప్పుడు మొదటి ప్రశ్న, అబ్బాయికి పీఆర్ ఉందా? ఎలా వచ్చిందని రెండో ప్రశ్న ఎవరూ వేయరు. కొననివాడు వెనక్కి వెళ్ళిపోతే, పాపం తెలివి లేనివాడంటాం. కొనని తెలివికి మన భాషలో పేరే లేనట్టు.

ఈ శాలువా దేవుడు కప్పలేదు. ఆ కుర్చీ దేవుడు వేయలేదు. ఆ సంబంధం దేవుడు కుదర్చలేదు. లోకంలో దుర్మార్గానికి అందుతున్న బహుమానాల జాబితా రాసుకుంటే, వరదలూ జబ్బులూ లాంటి వాటి సంగతి వేరు గానీ, చాలావాటి కింద సంతకం మనదే ఉంటుంది. దేవుడు ఎందుకు ఊరుకున్నాడని అడిగే హక్కు దెబ్బతిన్నవాడికి ఉంది. చప్పట్లు కొట్టినవాళ్ళకు లేదు.

అందుకే ఓర్పు గురించి నేను రెండు గిన్నెలు పెట్టుకున్నాను. నాకు జరిగిన అన్యాయం ఒక గిన్నెలో. అక్కడ చేయగలిగింది చేసి, మిగిలింది దేవుడికి వదిలి, అవతలివాడి పతనం కోసం ఎదురుచూడకుండా నిద్రపోవాలి. అతని కారు గీసుకుపోయిందని విని సంతోషపడితే నేను ఇంకా ఆ కొట్టు దగ్గరే నిలబడ్డట్టు. ఇంకొకరికి జరిగిన అన్యాయం రెండో గిన్నెలో. అక్కడ ఓర్పు నా సొత్తు కాదు, పంచిపెట్టడానికి. "దేవుడు చూసుకుంటాడు" అనే మాట కష్టపడుతున్నవాడి నోట వస్తే ప్రార్థన. పక్కన నిలబడ్డవాడి నోట వస్తే తప్పించుకోవడం. మంత్రి కాగితాలు తీసుకోకుండా వెళ్ళిపోయినప్పుడు జాయిస్‌కు కావలసింది ఓర్పు మీద ఉపన్యాసం కాదు, ఆగి వినే మనిషి.

రెండో గిన్నెలో చేయగల పనులు చిన్నవి, ఉన్నాయి. ఉద్యోగానికి డబ్బు అడిగే యజమాని గురించి ప్రభుత్వానికి పేరు చెప్పకుండానే ఫిర్యాదు చేయవచ్చు. ఒకే యజమానికి కట్టేసే పర్మిట్ మీద వేధింపులకు, డబ్బు దోపిడీకి గురవుతున్నవాళ్ళు ఆ యజమానిని వదిలి ఎక్కడైనా పనిచేసుకునేలా వేరే పర్మిట్ అడగడానికి 2019 నుంచి ఏర్పాటు ఉంది. ఇది తెలియక భయపడి నోరు మూసుకున్న తెలుగు పిల్లలు వంటశాలల్లో, గిడ్డంగుల్లో ఉన్నారు. వాళ్ళకు కావలసింది దరఖాస్తు నింపిపెట్టే ఒక అక్కయ్య, వకీలు దగ్గరికి వెంట వచ్చే ఒక బాబాయి. మన సంఘాల్లో డాక్టర్లున్నారు, వకీళ్ళున్నారు, ఆదివారాలున్నాయి.

జాయిస్ 2020లో వెళ్ళిపోయింది. డేవిడ్ 2022లో. బయటికి వచ్చాక అతను తన పరిహారంతో కనబడకుండా పోవచ్చు. అలా చేయలేదు. తనలాగే తప్పుడు శిక్షల్లో మగ్గుతున్నవాళ్ళ కోసం, ఆ కేసుల్ని తిరిగి చూడటానికి మంత్రులతో సంబంధం లేని ఒక స్వతంత్ర కమిషన్ కావాలని తిరిగాడు. తల్లి కొడుకు కోసం చేసిన పని, కొడుకు ముక్కూమొహం తెలియనివాళ్ళ కోసం చేశాడు. ఆ చట్టానికి 2024 డిసెంబర్ 17న ఆమోదం లభించింది. దానికి ఆ తల్లీకొడుకుల పేర్లే పెట్టారు. చూడటానికి ఇద్దరూ లేరు. వర్తకం లేని ధర్మం ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే నేను ఈ తేదీ చెబుతాను.

దుర్మార్గుల సంగతి దేవుడు ఎప్పుడు, ఎలా తేలుస్తాడో ఆయన ఇష్టం. ఆ లెక్క పుస్తకం మన చేతికి ఇవ్వలేదు. ఇవ్వకపోవడమే మంచిది, మనకు తెలిసినవాళ్ళ పేజీల్లో మనమే సున్నాలు చుట్టేసుకుంటాం. శాలువా మాత్రం మన చేతిలోనే ఉంది. ఎవరి భుజం మీద కప్పాలో తేల్చుకోవడానికి యుగాంతం దాకా ఆగనక్కర్లేదు. వచ్చే ఉగాది సభకు కార్యవర్గం కూర్చున్నప్పుడు అడిగితే చాలు.